ఆటల పీరియడ్, గేటు ముందు చిప్స్ ప్యాకెట్లు: పిల్లల ఆరోగ్యం కోసం బడిని ఏమని అడగాలి?

మామిడితోపు (పశ్చిమ గోదావరి జిల్లా)

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మాయి ఏడో తరగతి, అబ్బాయి నాలుగో తరగతి చదువుతున్న ప్రైవేటు పాఠశాలలో వచ్చే నెల తల్లిదండ్రుల సమావేశం ఉంది. ఎప్పుడూ మార్కులతో మొదలై ఫీజులతో ముగిసే ఆ సమావేశంలో ఈసారి పిల్లల ఆటల గురించి, తిండి గురించి అడగాలని కొందరు తల్లులం అనుకున్నాము. టైంటేబుల్లో వారానికి రెండు గేమ్స్ పీరియడ్లు రాసి ఉన్నాయి గానీ, వాటిలో ఒకటి స్లిప్ టెస్టుకూ, రెండోది సిలబస్ వెనకబడిన మాస్టారికీ పోతున్నాయి. మైదానం అని చూపించిన స్థలంలో స్కూలు బస్సులు నిలబెడుతున్నారు. క్యాంటీన్లో సమోసాలు, క్రీము బిస్కెట్లు, రంగు నీళ్ల సీసాలు దొరుకుతాయి. గేటు బయట అయిదు రూపాయల చిప్స్ ప్యాకెట్లు తోరణాల్లా వేలాడుతుంటాయి. పోషకాహార వారోత్సవాల్లో వ్యాసరచన పోటీ పెట్టి మొదటి బహుమతిగా చాక్లెట్ల డబ్బా ఇచ్చిన బడి ఇది.

"పిల్లలకు ఆరోగ్యం గురించి చెప్పండి" అని అడిగితే యాజమాన్యం సంతోషంగా ఒక ఉపన్యాసం ఏర్పాటు చేసి చేతులు దులుపుకుంటుంది. కాబట్టి ఉపన్యాసం కాకుండా, బడి నిజంగా చేయగలిగినవీ, చేశారో లేదో మనం వెళ్లి చూసుకోగలిగినవీ ఏమి అడగాలో అనుభవజ్ఞులు చెప్పగలరని మనవి.

ఈల_మాస్టారు (ప్రకాశం జిల్లా)

మామిడితోపు గారూ, నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో వ్యాయామోపాధ్యాయుడిని. వారానికి ఎన్ని పీరియడ్లు అని మాత్రమే అడిగితే మీకు వచ్చే జవాబు కాగితం మీదే ఉంటుంది. ఆ పీరియడ్‌లో ఒక్కో పిల్లవాడు ఎన్ని నిమిషాలు కదిలాడని అడగండి. అయిదేళ్ల నుంచి పదిహేడేళ్ల వరకు పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాల పాటు ఊపిరి వేగం పెరిగేంతగా శ్రమించాలనీ, కండరాలకూ ఎముకలకూ బలమిచ్చే ఆటలు వారానికి కనీసం మూడు రోజులు ఆడాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో చెప్పింది. మా పీరియడ్ నలభై నిమిషాలు. వరుసలు కట్టించడం, హాజరు చూడడం, గది నుంచి గ్రౌండుకు రావడం, తిరిగి పోవడం తీసేస్తే పాతికో ముప్పయ్యో నిమిషాలు మిగులుతాయి.

ఆ మిగిలిన సమయంలో జరిగేది కూడా చూడండి. నలభై మంది ఉన్న తరగతిని ఒకే కబడ్డీ కోర్టు దగ్గరికి తీసుకువెళితే పద్నాలుగు మంది ఆడతారు, ఇరవై ఆరు మంది గట్టు మీద కూర్చుని అరుస్తారు. ఆడే పద్నాలుగు మందిలోనూ కూతకు వెళ్లినవాడు, పట్టుకునేవాళ్లు తప్ప మిగిలినవారికి పెద్దగా కదలిక ఉండదు. ఖోఖోలో తరిమే జట్టు తొమ్మిది మందిలో ఎనిమిది మంది ఏ క్షణంలో చూసినా కూర్చునే ఉంటారు. ఇవి గొప్ప ఆటలు, అందులో సందేహం లేదు; కానీ పోటీ నియమాలతో ఆడిస్తే క్లాసులో సగానికి పైగా పిల్లలకు అది చూసే పీరియడ్ అవుతుంది, ఆడే పీరియడ్ కాదు.

అందుకని నేను గ్రౌండును ముక్కలు చేస్తాను. సున్నంతో చిన్న కోర్టులు గీసి నలుగురు నలుగురుగా కబడ్డీ, ఒక మూల ఏడుపెంకులాట, మరో మూల తొక్కుడుబిళ్ల, గోడ పక్కన తాడాట పెట్టి, ఈల ఊదినప్పుడల్లా జట్లను మారుస్తాను. దీనికి కావలసినవి రెండు రబ్బరు బంతులు, పది తాళ్లు, కాస్త సున్నం, కొన్ని పెంకులు మాత్రమే. ఇందులో మామూలుగా ఎవరూ ఎంచుకోని పిల్లవాడికి కూడా బంతి అందుతుంది. మాలో చాలామందికి మండల స్థాయి పోటీలకు జట్టును తయారు చేయడమే ఉద్యోగం అన్న భావన ఉంది. పై అధికారులు కూడా కప్పులనే లెక్కిస్తారు కాబట్టి ఆ తప్పు ఒక్క మాస్టారిదే అనలేము.

ఇంకొక సంగతి. విద్యా హక్కు చట్టం 2009 షెడ్యూలులో ఆటస్థలం తప్పనిసరి సదుపాయంగా ఉంది. మీ బడి ఆటస్థలం బస్సుల షెడ్డుగా మారిందంటే అడిగే హక్కు మీకు ఉంది.

నల్లబల్ల (హైదరాబాద్)

అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు కాబట్టి రెండో వైపు నేను చెబుతాను. మా అబ్బాయి తొమ్మిదో తరగతి, ఫౌండేషన్ కోర్సులో ఉన్నాడు. పోటీ ఎలా ఉందో నాకు తెలుసు. ఒక్క మార్కు తేడాతో వేల ర్యాంకులు కిందికి పోయే పరీక్షలు రాబోతున్నాయి. ఆటలు వద్దని నేను అనడం లేదు. ఆదివారం ఆడుకోవచ్చు, సెలవుల్లో ఆడుకోవచ్చు. బడి సమయం చదువుకు పోవాలని కోరుకునే తండ్రిని పిల్లల ఆరోగ్యానికి శత్రువుగా చూడవద్దు. సమావేశంలో మామిడితోపు గారికి ఎదురయ్యే మొదటి ప్రశ్న కూడా యాజమాన్యం నుంచి కాదు, నా వంటి తల్లిదండ్రుల నుంచే వస్తుంది.

చిట్టిచేతులు (వరంగల్)

నల్లబల్ల గారి ప్రశ్న న్యాయమైనది. పిల్లల వైద్యురాలిగా దానికి నాకు తెలిసిన జవాబు చెబుతాను.

అమెరికాలోని వ్యాధి నియంత్రణ కేంద్రం, అంటే సీడీసీ, బడిలో శారీరక శ్రమకూ చదువుకూ సంబంధాన్ని పరిశీలించిన 50 అధ్యయనాలను సమీక్షించి 2010లో నివేదిక ఇచ్చింది. వాటిలో పరిశీలించిన సంబంధాల్లో సగం చదువుకు మేలు జరిగినట్లు, దాదాపు మిగిలిన సగం ఏ తేడా లేనట్లు చూపాయి. నష్టం కనిపించినవి వందకు రెండు కూడా లేవు. ఆటలు ఆడిస్తే ర్యాంకులు పెరుగుతాయని నేను చెప్పను, ఆ నివేదిక కూడా అంత మాట అనలేదు. ఆటల పీరియడ్ తీసేసి లెక్కలు చెప్పినందువల్ల లాభం ఉందనడానికి ఆధారం లేదన్నది మాత్రం చెప్పగలను.

చదువుకునే పిల్లల తల్లిదండ్రులు తప్పక తెలుసుకోవలసిన మరో పరిశోధన ఉంది. చైనాలోని గ్వాంగ్‌ఝౌ నగరంలో కొన్ని బడులలో ఒకటో తరగతి పిల్లలను రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట గడిపేలా చేసి మూడేళ్లు గమనించారు. ఆ బడులలో కొత్తగా దూరపు చూపు తగ్గిన పిల్లలు సుమారు 30 శాతం ఉండగా, మామూలు బడులలో 39 శాతానికి పైగా ఉన్నారు. ఇది 2015లో ప్రచురితమైంది. ఆరేడు తరగతులలోనే కళ్లజోళ్లు పెట్టుకుంటున్న పిల్లలను రోజూ చూస్తున్న నాకు, ఆదివారం ఒక్కరోజు ఆట దీనికి చాలదని అనిపిస్తుంది. పగటి వెలుతురులో గడపడం రోజువారీ అలవాటు కావాలి.

ఇక పిల్లల ఆరోగ్యం అనగానే ఊబకాయం ఒక్కటే గుర్తుకు రావడం పొరపాటు. 2016-18లో జరిగిన సమగ్ర జాతీయ పోషణ సర్వే ప్రకారం మన దేశంలో పది నుంచి పందొమ్మిదేళ్ల పిల్లల్లో 24 శాతం ఉండవలసిన దానికన్నా సన్నగా ఉన్నారు, 5 శాతం అధిక బరువుతో ఉన్నారు, 28 శాతానికి రక్తహీనత ఉంది. పట్టణాల ప్రైవేటు బడుల్లో అధిక బరువున్న పిల్లలు ఎక్కువగా కనిపిస్తారు గనుక మనకు అదే పెద్దదిగా కనిపిస్తుంది. కానీ బొద్దుగా ఉన్న పిల్లలోనూ రక్తం తక్కువగా ఉండవచ్చు. ఆడుకోమంటే ఆయాసపడి కూర్చునే అమ్మాయిని బద్ధకస్తురాలని తిట్టే ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి.

గట్టుమీద (ఖమ్మం జిల్లా)

ప్రభుత్వ ప్రాథమికోన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుడిగా తిండి విషయంలో నేను చూస్తున్నది చెబుతాను. వండిన భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరులో ఆదేశించిన తరువాత వచ్చిన మార్పును నా సర్వీసులో కళ్లారా చూశాను. నిబంధనల ప్రకారం మధ్యాహ్న భోజనంలో ప్రాథమిక తరగతుల పిల్లలకు 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు, ఆరు నుంచి ఎనిమిది తరగతుల వారికి 700 కేలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు అందాలి. బియ్యం కొలత ఎప్పుడూ తప్పదు. తప్పేది కూరగాయల కొలతే. ఒక్కో పిల్లవాడికి చిన్న తరగతుల్లో 50 గ్రాములు, పెద్ద తరగతుల్లో 75 గ్రాములు ఉండాలి. ధరలు పెరిగిన నెలలో వంట చేసే మహిళలకు బిల్లులు ఆలస్యమైతే ఆ గ్రాములే సాంబారులో కరిగిపోతాయి. వారిని నిందించి లాభం లేదు, కిరాణా కొట్టులో అప్పు తెచ్చి వండిపెడుతున్నది వారే.

మా బడిలో గుడ్డు పెట్టే రోజు హాజరు కనిపించేంతగా పెరుగుతుంది. కానీ కొందరు పిల్లలు తెల్లసొన తిని పచ్చసొన పక్కన పెట్టేస్తారు, నీచు వాసన అంటారు. గుడ్డును కోసి ఉల్లిపాయ కారంలో వేయించి వడ్డించమని మా వంటామె తనంతట తానే ఆలోచించి చేసింది. ఆ రోజు నుంచి పళ్లేల్లో పచ్చసొన మిగలడం లేదు. ఇలాంటి మార్పులు ఏ సర్క్యులర్‌లోనూ ఉండవు. నేను, మా ఉపాధ్యాయులు పిల్లల పక్కనే కూర్చుని అదే కూర తింటాము. మాస్టారు డబ్బా తెచ్చుకుని విడిగా తింటే బడి భోజనం తక్కువ రకమని పిల్లలు అనుకుంటారు.

పెరట్లో మునగచెట్లు, కరివేపాకు, తోటకూర మడులు వేశాము. అవి బడి మొత్తానికి చాలవు. కానీ తాను నీళ్లు పోసిన తోటకూరను పిల్లవాడు పారేయడు.

రాగిసంగటి (అనంతపురం)

నేను ఆహార పోషణ శాస్త్రం చదివి ప్రస్తుతం కళాశాలలో బోధిస్తున్నాను. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో భారతీయుల ఆహార మార్గదర్శకాలను కొత్తగా ప్రచురించింది. అందులో 2,000 కేలరీల రోజువారీ తిండికి చూపిన నమూనాలో ధాన్యాలు 250 గ్రాములు ఉంటే, కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పప్పుధాన్యాలు లేదా గుడ్డు, మాంసం కలిపి 85 గ్రాములు ఉన్నాయి. చిన్న పిల్లలకు కొలతలు తగ్గుతాయి, పాళ్లు మాత్రం దాదాపు అవే. మన పిల్లల క్యారేజీ తెరిచి చూడండి: డబ్బా నిండా పులిహోరో, టమాటా రైసో, నూడుల్సో ఉంటుంది, దాని పక్కన కూర మచ్చుకైనా ఉండదు. అన్నం మానిపించవలసిన అవసరం లేదు. అన్నం ఉన్న డబ్బాలో మూడో వంతు తగ్గించి, ఆ చోట పాలకూర పప్పో, బీన్స్ వేపుడో పెడితే చాలు. రెండో చిన్న డబ్బాలో శనగల గుగ్గిళ్లు నిమ్మరసం పిండి పెట్టండి, లేదా ఒక జామకాయ పెట్టండి. శనగల్లోని ఇనుము ఒంటబట్టడానికి నిమ్మలోని, జామలోని సి విటమిన్ సాయపడుతుంది. ఉదయం పిల్లలకు టిఫినుతో పాటు టీ ఇచ్చే ఇళ్లు ఇప్పటికీ ఎన్నో ఉన్నాయి, ఆ టీ సరిగ్గా దానికి వ్యతిరేకంగా పనిచేస్తుంది.

క్యాంటీన్ గురించి మామిడితోపు గారు గట్టిగా అడగవచ్చు. కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువగా ఉన్న పదార్థాలను బడి ఆవరణలోనూ, గేటు నుంచి ఏ దిక్కుకైనా 50 మీటర్ల లోపలా పిల్లలకు అమ్మరాదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020లో నిబంధనలు చేసింది. సీబీఎస్‌ఈ 2025 మే నెలలో తన బడులన్నిటినీ చక్కెర బోర్డులు పెట్టమని ఆదేశించింది. ఏ పానీయంలో ఎంత చక్కెర ఉందో పిల్లలు నడిచే దారిలో రాసి పెట్టడం దాని ఉద్దేశం. బోర్డు పెట్టి పక్కనే ఆ సీసాలు అమ్మితే నవ్వులపాలవుతుంది గానీ, బాగా చేస్తే ఉపయోగమే. 300 మిల్లీలీటర్ల కోలా సీసాలో 30 గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. రోజంతటికీ కలిపి పెద్దవాళ్లకే 25 గ్రాముల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈ లెక్కను ఏడో తరగతి పిల్లల చేతనే చేయించి, ఆ చక్కెరను తూకం వేయించి గాజు గ్లాసుల్లో పోసి వరుసగా పెట్టించండి. లెక్కల మాస్టారు ఆ రోజు గేమ్స్ పీరియడ్ జోలికి రానక్కరలేదు, ఆయనకే పని దొరుకుతుంది.

మామిడితోపు

అందరికీ ధన్యవాదాలు. రాగిసంగటి గారూ, గేటు బయట ప్యాకెట్లు అమ్మేది ఒక ముసలమ్మ. నిబంధన చూపించి ఆమెను లేపేయమని అడగడానికి మాకు మనసొప్పడం లేదు. రెండో ప్రశ్న ఈల మాస్టారి గారికి: ఏడో తరగతికి రాగానే అమ్మాయిలు గ్రౌండుకు రావడం మానేస్తున్నారు, మా అమ్మాయి కూడా అంతే. "నాకు ఆటలంటే ఇష్టం లేదు" అంటుంది. నిరుడు వరకు వీధిలో పరుగులు తీసిన పిల్లే.

తాడాట (నెల్లూరు)

ఈల మాస్టారి కంటే ముందు నేను జవాబు చెప్పవచ్చనుకుంటాను, నేనూ వ్యాయామోపాధ్యాయురాలినే. "ఇష్టం లేదు" అన్న మాటను అక్కడితో వదిలేయకండి. చున్నీ పిన్నులతో బిగించిన చుడీదార్‌లో పరుగెత్తడం కష్టం. నెలసరి రోజుల్లో మరక భయం ఉంటుంది. మరుగుదొడ్డికి గడియ లేకపోయినా, నీళ్లు రాకపోయినా ఆ పిల్ల ఉదయం నుంచి నీళ్లు తాగడమే మానేస్తుంది, ఇక ఎండలో ఆడమంటే కళ్లు తిరుగుతాయి. అబ్బాయిలు క్రికెట్ పిచ్ పేరుతో గ్రౌండు మొత్తం ఆక్రమించుకుంటారు. వీటన్నిటినీ కలిపి ఆ వయసు పిల్ల "ఇష్టం లేదు" అని ఒక్క ముక్కలో చెబుతుంది.

మా బడిలో గేమ్స్ ఉన్న రోజు ట్రాక్ ప్యాంటు, టీషర్టుతో రావడానికి అనుమతి తెచ్చాము. వారంలో కొన్ని రోజులు గ్రౌండు నడిమధ్య భాగం అమ్మాయిలకే అని గీత గీశాము. శానిటరీ ప్యాడ్లు స్టాఫ్ రూములో కాకుండా అమ్మాయిల మరుగుదొడ్డి దగ్గరే అల్మరాలో పెట్టాము, ఎందుకంటే అడిగి తీసుకోవలసి వస్తే ఎవరూ తీసుకోరు. నెలసరి రోజుల్లో ఆడితే ప్రమాదమని నమ్మే తల్లులకు మాత్రం డాక్టరమ్మల చేతనే చెప్పించాలి, నా మాట వినరు.

చిట్టిచేతులు (వరంగల్)

తాడాట గారి మాటను బలపరుస్తున్నాను. నెలసరిలో ఆడుకోవడం వల్ల హాని లేదు, కొందరికి నొప్పి తగ్గుతుంది కూడా. నొప్పి తీవ్రంగా ఉన్న పిల్లకు ఆ రోజు విశ్రాంతి అడిగే స్వేచ్ఛ ఉండాలి, అంతే. ప్రభుత్వ బడుల్లో పది నుంచి పందొమ్మిదేళ్ల వారికి వారానికొకసారి ఇచ్చే నీలం రంగు ఇనుము మాత్రలను పిల్లలు బయట పారేస్తున్నారని చాలామంది ఉపాధ్యాయులు చెబుతారు. పరగడుపున మింగితే వికారం వస్తుంది, మలం నల్లబడితే భయపడతారు. భోజనం తరువాత మింగించి, ఈ రెండు సంగతులూ ముందే చెబితే పారేసేవి తగ్గుతాయి.

ఏటి_ఒడ్డు (గ్లాస్గో)

మా పిల్లలు ఇక్కడి ప్రభుత్వ బడిలో చదువుతున్నారు. స్కాట్లండ్‌లోని స్టిర్లింగ్ పట్టణంలో 2012లో ఎలైన్ వైలీ అనే ప్రధానోపాధ్యాయురాలు తన బడి పిల్లలను రోజూ పదిహేను నిమిషాలు గ్రౌండు చుట్టూ పరుగెత్తించడం మొదలుపెట్టారు. దాన్ని "డైలీ మైల్" అంటారు, ఇప్పుడు చాలా దేశాల బడులలో జరుగుతోంది. దుస్తులు మార్చుకోనక్కరలేదు, పోటీ లేదు, మొదట వచ్చినవారికి చప్పట్లు లేవు. పరుగెత్తేవాళ్లు పరుగెత్తుతారు, కబుర్లు చెప్పుకుంటూ వేగంగా నడిచేవాళ్లు నడుస్తారు. వ్యాయామోపాధ్యాయుడు కూడా అవసరం లేదు, తరగతి టీచరే బయటికి తీసుకువెళతారు. ఇక్కడ చినుకులు పడుతున్నా ఆపరు. మన దగ్గర ఎండే అడ్డు కనుక సమయం మార్చుకోవాలి.

నల్లబల్ల (హైదరాబాద్)

కళ్లజోడు విషయం నేను వినలేదు, మా అబ్బాయికి ఇప్పటికే ఎక్కువ పవరే ఉంది. అయినా నా అభ్యంతరం పూర్తిగా పోలేదు. పదిహేను నిమిషాలంటే నాకు సమ్మతమే. రోజూ ఒక పూర్తి పీరియడ్ అంటే మా బడిలో సాయంత్రం మరో గంట ఉంచేస్తారు, అప్పటికి పిల్లవాడు ఇంటికి వచ్చేసరికి ఏడున్నర అవుతుంది. అది ఆరోగ్యమా?

ఈల_మాస్టారు (ప్రకాశం జిల్లా)

కాదు. నిద్రకు కోత పెట్టి ఆడించే ఆట నాకు కూడా అక్కరలేదు. ప్రార్థన అయిన వెంటనే, ఎండ ముదరక ముందు ఆ పదిహేను నిమిషాలు తీసుకోండి. ప్రకటనలు, వార్తలు, ప్రతిజ్ఞలు, హెచ్చరికలతో ప్రార్థన సమావేశం ఎంతసేపు సాగుతుందో మీ బడిలో ఒకసారి గడియారం పట్టి చూడండి, అందులోనే సగం దొరుకుతుంది. ఒంటిపూట బడుల కాలంలో కూడా ఇది సాధ్యమవుతుంది.

గట్టుమీద (ఖమ్మం జిల్లా)

ముసలమ్మ గురించి: మా గేటు దగ్గర కూడా ఒకామె ఉండేది. పిల్లల తల్లిదండ్రులే వెళ్లి, ప్యాకెట్ల బదులు ఉడికించిన వేరుశనగకాయలు, జామకాయలు, కాలాన్ని బట్టి మొక్కజొన్న పొత్తులు, ముంజలు తెస్తే తామే పిల్లలను పంపిస్తామని చెప్పారు. ప్యాకెట్లు పాడైపోవు, జామకాయలు మిగిలితే నష్టం ఆమెదే కదా. అందుకని మిగిలిన సరుకును సాయంత్రం ఉపాధ్యాయులమే కొనుక్కునేవాళ్లం. ప్యాకెట్లు పూర్తిగా పోలేదు. ఎదురుగా వేలాడకుండా బుట్ట అడుగుకు వెళ్లాయి.

మామిడితోపు

సమావేశానికి ఇచ్చే లేఖలో ఇవి రాస్తున్నాము: ప్రార్థన తరువాత రోజూ పదిహేను నిమిషాల నడక లేదా పరుగు, బస్సులు బడి గంటల్లో మైదానం బయట నిలపడం, క్యాంటీన్లో సీసా పానీయాలు ఆపి మజ్జిగ, గుగ్గిళ్లు, పండ్లు పెట్టడం, అమ్మాయిల మరుగుదొడ్లకు గడియలు, నీళ్లు, గేమ్స్ రోజున ట్రాక్ ప్యాంటు, ప్రతి తరగతికి రోజూ ఒక గేమ్స్ పీరియడ్. ఆరు నెలలకోసారి ఎత్తు, బరువు కొలవమని కూడా అడగాలనుకుంటున్నాము.

చిట్టిచేతులు (వరంగల్)

కొలవమనండి, కానీ అంకెలు తరగతిలో పైకి చదవవద్దని అదే వాక్యంలో రాయండి. పేరు, బరువు గట్టిగా చదివిన రోజు నుంచి "బొండాం" అనిపించుకుని ఆటలకే దూరమైన పిల్లలు నా దగ్గరికి వస్తుంటారు. కాగితం కవరులో పెట్టి తల్లిదండ్రులకే ఇవ్వాలి, సన్నగా ఉన్న పిల్లల విషయంలోనూ అంతే.

ఈల_మాస్టారు (ప్రకాశం జిల్లా)

మామిడితోపు గారూ, "రోజూ ఒక గేమ్స్ పీరియడ్" అన్న చివరి కోరికను ఇప్పుడే రాయవద్దు. సరేనని తల ఊపి, టైంటేబుల్లో రాసి, తరువాత స్లిప్ టెస్టులకు ఇచ్చేస్తారు. దాని బదులు ఇలా రాయండి: "ఉన్న రెండు గేమ్స్ పీరియడ్లలో దేనినైనా మరో సబ్జెక్టుకు వాడుకుంటే, ఎవరు తీసుకున్నారో రిజిస్టరులో రాసి, ఆ సబ్జెక్టు పీరియడ్‌ను అదే వారంలో గేమ్స్‌కు తిరిగి ఇవ్వాలి. ఆ రిజిస్టరును ప్రతి తల్లిదండ్రుల సమావేశంలో చూపించాలి." అప్పు రాసిపెట్టే పుస్తకం ఉందని తెలిస్తే సిలబస్ వెనకబడిన మాస్టారు అడగడానికి ముందు కాస్త ఆలోచిస్తారు. మా బడిలో ఆ పుస్తకం స్టాఫ్ రూములో మేకుకు వేలాడుతుంటుంది, అందులో ఎక్కువగా కనిపించేది మా ఇంగ్లీషు మాస్టారి సంతకమే.